సైమా తొక్కిన గాలి పడవ

ఏమర్రా, కబుర్లు చెప్పు కబుర్లు చెప్పు అని ప్రాణం తోడేస్తారు గదా, ఇన్నేళ్ళలో ఒక్కరైనా సైమా గురించి అడిగారా? అడగరు. మంచు పగిలి ట్రక్కుతో సహా మునిగిపోయినవాడి కథ కావాలి మీకు. ఎలుగుబంటి డెల్ఫీన్ కొట్లో దూరి ఎరకని పెట్టుకున్న చేపపిల్లల్ని తొట్టితో సహా నాకేసిపోయిన కథ కావాలి. అది వందసార్లు చెప్పించుకున్నారు, అయినా తనివి తీరలేదు. రోజూ తెల్లారేసరికి వెళ్ళి ఏ మిట్ట మీద గాలాలు వేసి కూచుంటున్నారో, ఆ మిట్ట సంగతి మీకు ఎవరు చెబితే తెలిసిందో మాత్రం అక్కర్లేదు. సిగ్గుండాలి. ఇదిగో, ఆ ఫోను జేబులో పెట్టి విను నువ్వు. చేపలు ఎక్కడికీ పోవు.

సైమా హార్యు అంటే మన కోర్పి చెరువు బళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళు వంట చేసిన మనిషి. మీ అమ్మలూ నాన్నలూ ఇవాళ ఇంత బలంగా ఉన్నారంటే ఆవిడ పోసిన బఠాణీ పులుసు చలవే. ఆ బడి గిన్నెలు చూశారా ఎప్పుడైనా? ఒక్కోదాంట్లో ఒక దూడని కూచోబెట్టొచ్చు. ముప్పై ఎనిమిదేళ్ళు వాటిని పొయ్యి మీదికి ఎత్తీ దింపీ, ఎత్తీ దింపీ, కుడి భుజం కాస్తా అరిగిపోయింది. చెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. జుట్టు దువ్వుకోవాలంటే చేతిని తల దగ్గరికి తేలేక, తలనే వంచి చేతి దగ్గరికి తెచ్చుకునేది. ఎవరన్నా చూసి అయ్యో అంటే మాత్రం ఊరుకునేది కాదు. "చేతికి బదులు తల వంగుతోంది, నీకేంటి నొప్పి?" అనేది.

కాళ్ళు మాత్రం అలాంటిలాంటి కాళ్ళు కావు. కారు నడపడం ఎప్పుడూ నేర్చుకోలేదావిడ. వానయినా గాలయినా బడికి సైకిలు మీదే. మంచు పడితే నడక. దేవదారు మొద్దుల్లాంటి కాళ్ళు.

మొగుడు అర్వీ. కాగితం మిల్లులో పనిచేసేవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు వాగుడెక్కువైనట్టే. సెలవొస్తే ఇద్దరూ ఆ రేకు పడవ వేసుకుని చెరువులోకి పోయేవాళ్ళు. ఆయన తెడ్లు వేసేవాడు, ఆవిడ గాలం వేసేది. నడిమికి పోయాక ఒక చోటుంది. ముందు చర్చి శిఖరం, వెనక చీలిన బండ, ఈ రెండూ మీ ముక్కుతో ఒక గీతలోకి వచ్చేదాకా పోవాలి. కింద రాళ్ళ మిట్ట. చుట్టూ నలభై అడుగుల లోతు, అక్కడ పన్నెండే. ఆ అంచున గాజుకళ్ళ చేపలు బారులు తీరి ఉంటాయి. వాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ తెలీదది. అర్వీ ఆవిడకి ఉంగరం ఇచ్చింది కూడా అక్కడేనట. ఆ మాట మాత్రం స్నేహితురాలు డెల్ఫీనుకి ఒకే ఒక్కసారి నోరు జారి చెప్పింది, అదీ ఎక్కడో చెప్పకుండా.

అర్వీ పోయాడు. అంత ఇల్లు ఒక్కతీ ఏం ఊడుస్తుంది? అమ్మేసి డెల్ఫీన్ ఎరల కొట్టు మీద ఉన్న రెండు గదుల్లోకి మారిపోయింది. పడవ పెట్టుకోటానికి పెరడు లేదు, షెడ్డు లేదు. ఉన్నా ఏం లాభం? తెడ్లు వెయ్యాలంటే భుజం లేదు. మోటారు తాడు లాగాలన్నా భుజమే కావాలి. అప్పుడు అర్వీ తమ్ముడు తౌనో వచ్చి, "నా దగ్గరుంటే భద్రం వదినా" అని పడవ తన ట్రక్కుకి తగిలించుకుని పోయాడు.

తౌనో చెడ్డవాడేం కాదు. అది ముందే చెబుతున్నా, మళ్ళీ తర్వాత నామీద పడకండి. కాకపోతే అన్న మాట్లాడని మాటలన్నీ వీడే మాట్లాడేవాడు. ప్రతి శనివారం వదిన్ని పడవలో ముందు కూచోబెట్టుకుని తిప్పేవాడు. గాలానికి ఎర తనే గుచ్చిచ్చేవాడు. పడ్డ చేపని తనే తీసేవాడు. ఎక్కడికి పోవాలో తనే. మోటారు ఒకవైపు, నోరు ఒకవైపు. మిట్ట పక్కనించే పోతూ, "ఇటు చేపలుండవు వదినా" అనేవాడు. సైమా ఆ చోటు గుట్టు విప్పేది కాదు. చర్చి శిఖరం వంక చూసేది, వెనక్కి తిరిగి చీలిన బండ వంక చూసేది. రెండూ గీతలోకి వచ్చి, దాటిపోయేవి. మూడు ఎండాకాలాలు అలా బంగాళాదుంపల మూటలా కూచుంది పాపం. ఆవిడకి కావల్సింది ఒక్కటే. ఒక్కతే, తనకి తోచినప్పుడు, తన కాళ్ళ మీద ఆ మిట్ట దగ్గరికి పోయి కూచోవాలి. అంతకన్నా ఏమడిగింది?

నాలుగో ఏడు వసంతంలో ఓరోజు కొట్లోకి దిగొచ్చి చూస్తే మూల ఏదో పెద్ద మూట.

"ఏమే డెల్ఫీనూ, ఆ పరుపేంటి?"

"పరుపు కాదే తల్లీ, పడవ. కయాకు. గాలి కొట్టుకునేది. నిరుడు వంతెన దాటి అటు దక్షిణాన్నించి సెలవులకొచ్చినవాడెవడో వదిలేసి పోయాడు. కింద రెక్కలుంటాయిట, ఎత్తకుండా రాళ్ళ మీదికి తెచ్చి వంచేశాడు. పెళ్ళాం వచ్చి, ఇదన్నా ఉండాలి నేనన్నా ఉండాలి అందిట."

"పెళ్ళాన్ని వదిలెయ్యాల్సింది. పడవ మంచిదిలాగే ఉంది."

ఇద్దరూ కూచుని విప్పారు. గాలి కొడితే పదకొండడుగులు. తీసేస్తే చుట్ట చుట్టి మంచం కిందకి తోసెయ్యొచ్చు. నడుం ఆనించుకోటానికి కుర్చీ. కుర్చీ ముందు రెండు పెడళ్ళు. ఒక కాలూ తర్వాత ఒక కాలూ ముందుకి తోస్తుంటే అడుగున రెండు రెక్కలు తాబేలు కాళ్ళలా ఆడతాయి. ఎడమ చేతి దగ్గర చిన్న పిడి, తిప్పితే చుక్కాని తిరుగుతుంది. చేతుల్తో చెయ్యాల్సింది ఇంకేమీ లేదు.

సైమా ఆ పెడళ్ళని కాలితో రెండుసార్లు తోసి చూసింది. "డెల్ఫీనూ," అంది చివరికి, "నీకు మా అర్వీ జింకల తుపాకీ అంటే ఇష్టం గదా?"

డెల్ఫీనుకి ఆ తుపాకీ మీద ఇరవై ఏళ్ళనించి కన్ను. "ఏమే, నిజంగానా?"

"గోడకి వేలాడుతూ నన్ను చూడ్డం తప్ప అది చేసే పనేం లేదు. తీసుకో. పరుపు నాకిచ్చెయ్."

అయిపోయింది బేరం. వంగిన రెక్కల చువ్వల్ని సైమా ఎడం చేత్తో సుత్తి పట్టి కొట్టి సాపు చేసుకుంది. మర్నాటికల్లా తౌనో చెవిన పడింది. మన ఊళ్ళో ఏది దాగుతుంది? మెట్లన్నీ దడదడలాడించుకుంటూ వచ్చాడు.

"మా అన్న తుపాకీ ఇచ్చేసి బెలూను తెచ్చుకున్నావా వదినా? మతి ఉందా నీకు?"

"మతి ఉంది. భుజమే లేదు."

"గాలాల ముళ్ళు, కత్తి, రంపం లాంటి పళ్ళున్న పైకు చేపలు! వీటన్నిటి మధ్య గాలి బుడగేసుకుని కూచుంటావా? టప్పుమంటే?"

"నీ పొట్ట చూశాక నాకా భయం పోయింది మరిదీ. అంత గాలి పట్టి కూడా అరవై ఏళ్ళుగా పగల్లేదు."

కింద డెల్ఫీన్ నవ్వు మెట్ల మీంచి వినిపించింది. దాంతో తౌనోకి ఇంకా మండింది. వేలు చూపించి అన్నాడు గదా, "సరే. చేపల సీజను మొదటి రోజు దింపు నీళ్ళల్లోకి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది నిన్ను నడిమధ్య వదిలేసిందంటే, దాన్ని డెల్ఫీనుకి తిరిగిచ్చేసి, మా అన్న తుపాకీ తెచ్చి నా చేతిలో పెట్టి, బుద్ధిగా వచ్చి నా పడవలో ముందు కూచుంటావు. సరేనా?"

"సరే. వదల్లేదనుకో?"

"నీ జోలికి రాను."

"జోలికి రాకపోవడమే కాదు, నీళ్ళ మీద మాట్లాడకూడదు కూడా."

"అది నావల్ల కాదు వదినా," అన్నాడు తౌనో. అబద్ధం ఆడే మనిషి కాదులెండి.

మే పదిహేను. ఆ ఏడు శనివారం వచ్చింది. చెరువు మీద మంచు కరిగి తొమ్మిది రోజులన్నా కాలేదు, ఉత్తరం మూల ఇంకా ముక్కలు ముక్కలుగా తేలుతూనే ఉంది. మొదటి రోజున తడిసి వణుక్కుంటూ వచ్చేవాళ్ళ కోసం పొద్దున్నించే ఆవిరి స్నానాలకి సౌనాలు రాజేస్తాం గదా, డెల్ఫీన్ కూడా కొట్టు వెనక సౌనా వెలిగించింది. అక్కడే తప్పు జరిగింది. మన వాళ్ళు తప్ప ఇంకెవ్వరూ చెయ్యని తప్పు.

బయట చలికి సైమా భుజం కొయ్యబారిపోయింది. వేళ్ళు కదలట్లేదు. పడవ ఎలాగూ సౌనా ముందుగదిలోనే ఆరబెట్టి ఉంచింది. ఇక్కడ వెచ్చగా ఉంది గదా అని లోపలి తలుపు కూడా బార్లా తెరుచుకుని, ఆ ఉడుకులో కూచుని కాలి పంపుతో గాలి కొట్టుకుంది. వేలితో కొట్టి చూస్తే డప్పులా మోగింది. "రాయిలా ఉందే!" అంది మురిసిపోయి. చిన్న చక్రాల బండి మీద పెట్టి ఇద్దరూ రేవుకి తోసుకొచ్చారు.

రేవంతా జనం. అంతా నోళ్ళెళ్ళబెట్టి చూస్తున్నారు. సైమా లైఫ్ జాకెట్ బిగించుకుని, గాలం పక్కన గుచ్చి, కుర్చీలో కూచుని, తొక్కింది. అబ్బ! చప్పుడు లేదు. నీళ్ళు అలా రెండుగా విడిపోతున్నాయి, రెండు చేతులూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. డెబ్భయ్యో ఏట మొట్టమొదటిసారి ఆ చెరువు మీద ఒక్కత్తీ ఉంది. చర్చి శిఖరం వంక చూసింది. వెనక్కి చూసింది. ఇంకొంచెం. ఇంకొంచెం పోతే గీత కలుస్తుంది.

అప్పుడు మోకాళ్ళు పైకి లేచాయి.

ముందర అనుకుంది, కుర్చీ జారిందేమోనని. కాదు. పడవ నడుం దిగబడుతోంది. ముందూ వెనకా కొసలు పైకి లేస్తున్నాయి, ఎండకి ముడుచుకున్న ఆకులా. పక్కన నొక్కి చూస్తే మెత్తగా, అరటిపండులా. చల్లటి నీళ్ళు నడుం దాకా వచ్చాయి. తొక్కితే రెక్కలు ఎటో కొట్టుకుంటున్నాయి గానీ పడవ కదలట్లేదు.

వెనకాలే తమాషా చూడ్డానికి వస్తున్న తౌనో మోటారు తిప్పుకొచ్చాడు. తాడు విసిరాడు. అప్పుడు మాత్రం ఏమీ అనలేదు పాపం, భయపడ్డాడు. రేవు దగ్గరికొచ్చి నేల తగిలాకే నోరొచ్చింది.

"చెప్పానా? చెప్పానా నేను? బుడగ!"

ఎవడో చప్పట్లు కొట్టాడు. ఎవడో ఇప్పుడు చెప్పను, వాడి మనవడు ఇక్కడే కూచున్నాడు. సైమా ఎవరి మొహం చూడకుండా, తడి బట్టలు ఈడ్చుకుంటూ నేరుగా సౌనాలోకి పోయింది.

డెల్ఫీన్ ఆవిరి కోసం కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తూ, "పోనీలేవే," అంది. "అందరి ముందూ సిగ్గయిందని ఏడవకు."

"సిగ్గు కాదే. ఒళ్ళు మండుతోంది. ఇంకో రెండొందల గజాలు లేదు."

"దేనికి?"

"ఏం లేదు. ఇంకో గరిటెడు నీళ్ళు పొయ్యి."

మర్నాడే తౌనో తుపాకీ కోసం వచ్చాడు. డెల్ఫీన్ కొట్లో బల్ల వెనక నుంచుని, "ఇదేమన్నా నీ అత్తారిల్లా, ఇచ్చింది పుచ్చుకుని పోటానికి?" అంది. "చిల్లు ఎక్కడుందో తేల్చకుండా సరుకు వెనక్కి తీసుకోను. నా కొట్టు పద్ధతి." అలాంటి పద్ధతి ఆ కొట్లో ఎప్పుడూ లేదు. అప్పుడే పుట్టింది. తౌనో గొణుక్కుని, జూన్ మొదటి వారం దాకా గడువిచ్చాడు.

ఇక ఇద్దరూ చిల్లు వెతకడం మొదలెట్టారు. సౌనా ముందుగదిలోకి తెచ్చి పడేశారా, మర్నాడు సౌనా వెచ్చబడగానే చూస్తే మళ్ళీ గట్టిపడిపోయి ఉంది! ఎవరూ గాలి కొట్టలేదు. డెల్ఫీన్ గుండె మీద సిలువ గీసుకుంది. "దీనికేదో పట్టిందే సైమా." సబ్బు నురగ పట్టించి అతుకతుకూ చూశారు. ఒక్క బుడగ రాలేదు. గాలి కొట్టే పిన్నుల చుట్టూ చూశారు. రాలేదు. తౌనో రోజూ వచ్చి తొంగి చూసి, "నేల మీద బాగానే ఉంటుంది వదినా, నీళ్ళంటేనే భయం దానికి," అని వెక్కిరించి పోయేవాడు. గడువు ఇంకా నాలుగు రోజులుంది. సైమా పైకి మామూలుగానే ఉండేది గానీ తిండి సయించేది కాదు. మళ్ళీ తౌనో పడవలో ముందు కూచుని మిట్ట దాటిపోవాలి. ఈసారి బతికినంత కాలం.

నాలుగు రోజులుందనగా డెల్ఫీన్ దొడ్లో రూబార్బు పుల్లకాడలు ఏపుగా వచ్చాయి. చేతులు ఊరికే ఉంటే మనసు ఊరుకోదని సైమా జాము పెట్టుకుంది. కుతకుతలాడే జాము సీసాల్లో పోసి, రేకు మూతలు బిగించి, కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది. కిటికీ తీసే ఉంది, చెరువు మీంచి చల్లగాలి జివ్వుమని వస్తోంది. గిన్నే గరిటే తోముకుంటోంది.

టక్.

ఎవరో పిలిచినట్టు తిరిగి చూసింది. మొదటి సీసా మూత లోపలికి పీక్కుపోయింది. చల్లారాక పోతుంది గదా ఎప్పుడూ. నలభై ఏళ్ళనించి ఏటా వింటున్న చప్పుడే.

టక్. రెండోది. టక్.

సైమా గిన్నె నీళ్ళల్లో వదిలేసి అలా నిలబడిపోయింది. వేడిగా ఉన్నప్పుడు మూత ఉబ్బి ఉంటుంది. చల్లబడితే లోపలున్నది ముడుచుకుంటుంది, మూత కుంగుతుంది. సీసాకి చిల్లు ఉండి కాదు. చిల్లు లేదు గనకే కుంగుతుంది!

చేతిలో జాము గరిటె అలాగే పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తింది. కొట్లో ఇద్దరు కొనేవాళ్ళున్నారు, వాళ్ళని తోసుకుని, "డెల్ఫీనూ! చిల్లు లేదే! మూత కుంగిందే, మూత!" అని అరిచింది.

"ఏ మూతే?"

"పడవ మూత!"

డెల్ఫీన్ కొనేవాళ్ళ వంక చూసి నెమ్మదిగా, "కూచోవే, మంచినీళ్ళు తాగు," అంది. బుర్ర తిరిగిందనుకుంది పాపం. సైమా గరిటె ఊపుకుంటూ చెప్పింది. ఉడుకు గదిలో ఉడుకు గాలి కొట్టాం. తీసుకెళ్ళి మంచు నీళ్ళలో పెట్టాం. లోపలి గాలి చల్లబడి ముడుచుకుపోయింది. మళ్ళీ సౌనాలోకి తెస్తే వేడెక్కి ఉబ్బింది. దెయ్యమూ లేదు, చిల్లూ లేదు, మన తెలివి తక్కువతనమొక్కటే ఉంది. డెల్ఫీన్ నెత్తి కొట్టుకుని, "ముప్పై ఎనిమిదేళ్ళు వంట చేసి, ఈ సంగతి నీకు ఇప్పుడా తట్టేది?" అంది.

గడువు చివరి రోజు. తౌనోని పిలిపించి, ఇవాళ కూడా పడవ దిగబడితే తుపాకీ తీసుకుపొమ్మన్నారు. వచ్చేటప్పుడు తుపాకీకి గుడ్డ సంచి కూడా కుట్టించుకొచ్చాడు.

ఈసారి పడవకి బయట, చలిగాలిలో, రేవు చెక్కల మీదే గాలి కొట్టింది సైమా. నీళ్ళలోకి దింపి, తాడు కట్టి, వదిలేసి, వచ్చి చెక్కల మీద కూచుంది.

"ఎక్కవేం వదినా?"

"కాఫీ తాగాలి."

ఫ్లాస్కు తీసి ముగ్గురికీ పోసింది. యాలకుల రొట్టె తలా ఒక ముక్క. తౌనో రెండు తిన్నాడు. తాగడం అయ్యాక పోయి పడవ పక్క నొక్కింది. కొంచెం మెత్తబడింది.

"చూశావా! చూశావా!" తౌనో గంతేశాడు.

"చూశాను. నువ్వూ చూడు." పంపు గొట్టం నీళ్ళలో ఉన్న పడవకే తగిలించి, చెక్కల మీద నిలబడి కాలితో ఇరవైసార్లు తొక్కింది. గొట్టం తీసింది. "కొట్టు."

తౌనో వంగి వేలితో కొట్టాడు. డప్పులా మోగింది. ఇంకోసారి కొట్టాడు. ఆవిడ ఎక్కి కూచుని తాడు విప్పుకునేదాకా ఇంకేమీ అనలేదు. అరనిమిషం ఉంటుంది. ఆయన జీవితంలో అదే పెద్ద మౌనం, అప్పటికి.

తొక్కుకుంటూ పోయింది. పావుగంట. అరగంట. మెత్తబడలేదు. ఉత్తరం గాలి లేచింది, చిన్న అలలు మొదలయ్యాయి. వెనక మోటారు చప్పుడు వినపడుతూనే ఉంది, మరిది వస్తున్నాడు. రానీ. చర్చి శిఖరం ముందు, చీలిన బండ వెనక. గీత కలిసింది. ఒళ్ళో తడి గోనెసంచి పరుచుకుంది, ముళ్ళూ పళ్ళూ పడవకి తగలకుండా. ఎర తనే గుచ్చుకుంది. గాలం వదిలింది. గాలి వెనక్కి నెడుతుంటే, గాలికి ఎదురుగా కాళ్ళు మెల్లగా ఆడిస్తూ, కట్టేసినట్టు అక్కడే ఉండిపోయింది.

"అక్కడ చేపలుండవు వదినా!" దూరాన్నించి తౌనో అరిచాడు.

ఆ మాట నీళ్ళ మీదుగా వచ్చేలోపే గాలం కర్ర వంగింది. కర్ర ఎత్తాల్సిన పని లేదు, కుడి చేత్తో పొట్ట దగ్గరే పట్టుకుని రీలు తిప్పుకుంది. ఎడం చేత్తో చిన్న వల. గాజుకళ్ళ చేప, మోచెయ్యంత. గోనె మీద పడి తోక కొట్టుకుంది. సైమా దాన్ని చూసి పైకే అంది, "నాలుగేళ్ళయింది నిన్ను చూసి."

తౌనో ఆత్రంగా వచ్చి పక్కనే లంగరు వేశాడు. కింద అంతా రాళ్ళాయె, లంగరు పట్టదు. గాలికి జారుకుంటూ వదిన పక్కనించి పోయాడు. మోటారు వేసుకుని వెనక్కొచ్చి మళ్ళీ వేశాడు. మళ్ళీ జారిపోయాడు. మూడోసారి పక్కనించి పోతుంటే సైమా కళ్ళెత్తకుండా, "ఎక్కడికి మరిదీ, పోతూ వస్తూ? దార్లో చుట్టాలున్నారా?" అంది.

తౌనో మోటారు ఆపేశాడు. ముందుకి చూశాడు. ఎందుకో వెనక్కి కూడా చూశాడు. శిఖరం, బండ. ఆయన మొహం మారిపోయింది.

"ఇది మా అన్న చోటు."

"అవును."

"నాకెప్పుడూ చెప్పలేదు వాడు."

"నీకు చెబితే పేపర్లో వేసినట్టే గదా."

ఇంకో మనిషయితే కోపం తెచ్చుకునేవాడు. తౌనో టోపీ తీసి చేతిలో పట్టుకుని, గాలికి అలా జారిపోతూ చాలాసేపు ఆ చోటునే చూశాడు. "మూడేళ్ళు నిన్ను దీని పక్కనించే తిప్పాను," అన్నాడు. సైమా ఇంకో ఎర గుచ్చుకుంది. "చెప్పను వదినా."

"ఏంటి?"

"ఎవరికీ చెప్పను."

నమ్మలేదావిడ. మీరయితే నమ్ముతారా? గుడ్డ సంచి ఖాళీగానే తీసుకుపోయాడు.

వారం పోయాక అర్వీ చేప వల తెచ్చి మెట్ల దగ్గర పెట్టాడు, అడక్కుండానే. అటూ ఇటూ నసిగి, "నేనోసారి తొక్కి చూడనా?" అన్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూచుని, చెరువు ఆ కొసకి పోయి, బాగానే తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ ఒడ్డునున్న వాళ్ళతో కబుర్లు. "రెక్కలెత్తు!" అని సైమా అరిచింది. "ఒక పెడలు ముందుకంటా తోసెయ్, రెక్కలు అడుక్కి అంటుకుంటాయి!" అని డెల్ఫీన్ అరిచింది. వినిపించుకుంటే గదా. రాళ్ళ మీద కర్రుమంది. సుత్తి తీసుకొచ్చి తనే సాపు చేశాడులెండి, రెండు రోజులు పట్టింది. అప్పట్నించే మన రేవులో ఎవడన్నా వాగుడు ఆపకపోతే రెక్కలెత్తు రెక్కలెత్తు అంటారు. మీరూ అంటారు. ఎందుకంటున్నారో తెలీకుండానే అంటారు.

ఆ తర్వాత పద్నాలుగు ఎండాకాలాలు తొక్కిందావిడ. పొద్దున్నే చల్లటి నీళ్ళలో పెట్టి, కాఫీ తాగి, మళ్ళీ గాలి కొట్టుకునేది. ఎండెక్కాక ఒడ్డుకి తెస్తే పిన్ను నొక్కి రెండు ఊపిర్లంత వదిలేసేది, లేకపోతే అతుకులు ఊడతాయని. ఏడు మాసికలు పడ్డాయి. ఒకటి పైకు చేప పంటిది, ఆరు డెల్ఫీన్ సాయం చెయ్యబోయి చేసినవి. శుక్రవారం శుక్రవారం మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకి వేయించిన చేప పోయేది. ఎక్కడ పట్టావు సైమా అని అడిగితే "నీళ్ళల్లో" అనేది.

తౌనో ఆ మాట నిలబెట్టుకునే పోయాడు. తొమ్మిదేళ్ళు! ఆ నోరు! ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కూడా వదినని దగ్గరికి పిలిచి, "చెప్పలేదు చూడు," అన్నాడట. సైమా ఆయన చెయ్యి పట్టుకుని, "తెలుసు మరిదీ. చచ్చేంత కష్టమయ్యుంటుంది నీకు," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఎనభై నాలుగో ఏట మోకాళ్ళు ఇక చాలన్నాయి. ఆ ఏడు ఆఖరి రోజు మిట్ట దగ్గర రెండు గంటలు కూచుని, ఒక్క చేప పట్టుకుని, ఒడ్డుకొచ్చి, రెక్కలెత్తి, దిగింది. రేవులో అందరూ ఉన్నారు. "ఇలా రండర్రా," అని పిలిచి, ముందు శిఖరం ఏదో వెనక బండ ఏదో వేలు పెట్టి చూపించింది. కుడి వేలే, భుజం దాకానే లేచింది, అది చాలింది. "లంగరు వెయ్యకండి, పట్టదు. గాలికి ఎదురు తొక్కండి. మాట్లాడకండి," అంది.

అదీ మీ మిట్ట. ఆ పడవ ఇప్పటికీ డెల్ఫీన్ సౌనా ముందుగదిలోనే ఉంది. గాలి కొడితే నిలబడుతుంది. బయట కొట్టండి, లోపల కాదు.

సైమా పోయినప్పుడు ఎనభై ఆరేళ్ళు.